పాను గీత

మా అమ్మాయి హైస్కూల్లో జపనీస్ భాష తీసుకుంది. ఆ క్లాసు కోసం ఏదైనా జపాన్ కళావస్తువును స్వయంగా చూసి దాని మీద ఒక వ్యాసం రాయాలన్నారట. అందుకని ఒక ఆదివారం ఇద్దరం మేముండే బాతెల్ నుంచి సియాటిల్ వెళ్ళాం. అక్కడి మ్యూజియంలో జపాన్ పాత కత్తుల ప్రదర్శన నడుస్తోంది. నాకు కత్తుల మీద ఏ ఆసక్తీ లేదు. బయట వాన పడుతోంది, లోపల వెచ్చగా ఉంది, అంతే.

చివరి గదిలో ఒకే ఒక్క కత్తి ఉంది. పిడి లేదు, ఒర లేదు. గాజు పెట్టెలో తెల్లటి గుడ్డ మీద వట్టి ఉక్కు. దాని అంచు పొడవునా పాలనురగ రంగులో ఒక గీత సాగింది. ఎవరో గీసిన గీత కాదది, చెక్కింది కూడా కాదు. కొండ వాలు మీద పొగమంచు దిగివచ్చి ఒకచోట ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. వంగి దగ్గరగా చూస్తే ఆ మంచులో సన్నటి మెరుపులు, చీకటి పడగానే ఒక్కొక్కటిగా కనబడే చుక్కల్లాగా.

చేసినవాడు ఏడు వందల ఏళ్ళ కిందట జపాన్ లోని కమకురా ఊళ్ళో ఉండేవాడు. ఈ జ్ఞాపకాల్లో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను గనక ఆయన పేరూ రాయను. జపాన్‌లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అంత పేరున్నవాడు తాను చేసిన కత్తుల్లో చాలావాటి మీద సంతకమే పెట్టలేదు. ఉక్కును చూసి, ఆ గీతను చూసి, ఇది ఆయన చేతిదేనని తెలిసినవాళ్ళు తేలుస్తారు. ఈ కత్తి కింద కూడా ‘ఆయనదని భావిస్తున్నారు’ అనే రాసి ఉంది.

“అమ్మా, ఇంకా ఎంతసేపు చూస్తావు? నాకు ఆకలి ఉంది,” అంది మా అమ్మాయి.

“ఇది ఎలా చేశాడో నాకు తెలియాలి.”

“ఆన్‌లైన్‌లో వీడియో ఉంటుంది, చూడు.”

ఇంటికొచ్చాక వీడియోలు చూశాను. ఎన్ని చూసినా మనసు కుదుటపడలేదు. నేను పనిచేసేది ఒక బయోటెక్ లాబ్‌లో. రోజంతా మైక్రోస్కోపు కింద స్ఫటికాలు చూడటమే నా ఉద్యోగం. ఆ మెరుపులు ఉక్కు గభాలున చల్లారినప్పుడు పుట్టే స్ఫటికాలని చదివాక, లాబ్ మనిషికి కలిగే కుతూహలమే ఇది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం అమెరికాలో నేనెవరికీ చెప్పని సంగతి. మా నాన్నకు నాన్న, అంటే మా తాతయ్య, కమ్మరి.

నేను పుట్టకముందే ఆయన పోయారు. నాన్న బ్యాంకు ఉద్యోగంలో చేరి ఊరు వదిలేశాడు. ఒంగోలు, గుంటూరు, తెనాలి, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ మేం అద్దె ఇళ్ళలో పెరిగాం. మా ఇంట్లో కొలిమి అన్న మాట వినబడేది కాదు. కొలిమి, తిత్తి, సమ్మెట, దాగలి, పటకారు... ఈ మాటలన్నీ అమ్మ నోటి నుంచి, అదీ నాన్న ఇంట్లో లేనప్పుడు, ముక్కలు ముక్కలుగా విన్నవే. అమ్మ పోయాక నాన్నని మా దగ్గరికి తెచ్చుకున్నాం. బాతెల్‌లో మా ఇంట్లో ఉంటాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పేపరు చదివినట్టు ఫోన్ చదువుతాడు. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరైనా అడిగితే “రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ని” అంటాడు. అక్కడితో ఆపేస్తాడు.

మన్రో ఊరు దాటాక పొలాల మధ్య కత్తులు చేయడం నేర్పే ఆవిడ ఒకరున్నారని తెలిసింది. ఓడలు బాగుచేసే యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరైన అమెరికన్. పాత పశువుల కొట్టాన్ని కొలిమిగా మార్చుకుంది. మొదటి రోజు నన్ను కిందికీ పైకీ చూసి, “ఏం చేద్దామని వచ్చారు?” అని అడిగింది.

ఫోన్‌లో ఆ కత్తి ఫోటో చూపించి, “ఇలాంటి గీత,” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. “అందరూ అదే ఫోటో తెస్తారు. ముందు మేకు చెయ్యండి.”

చాలా వారాలు మేకులే చేశాను. తరవాత కొక్కేలు. అరచేతుల్లో బొబ్బలు పగిలి మళ్ళీ లేచాయి. సోమవారం లాబ్‌లో గ్లవ్స్ తొడుక్కుంటుంటే మండేది. నాతోపాటు చేరినవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. నేను శనివారం వస్తే చాలు, ఇంట్లో వంట పెందలాడే ముగించి కారెక్కేదాన్ని. మావారు “పిల్ల కన్నా నీకే స్కూలు ఎక్కువైంది,” అంటూనే నా బూట్లకు కొత్త తాళ్ళు కొనుక్కొచ్చాడు.

మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తినేటప్పుడు టీచర్ ఆ జపాన్ కమ్మరి కథలు చెప్పేది. ఆయన కత్తిని, ఆయన శిష్యుడని చెప్పుకునే మరొకడి కత్తిని పారే ఏట్లో నిలబెడితే, శిష్యుడి కత్తి కొట్టుకొచ్చిన ప్రతి ఆకునూ నరికిందట. ఆయన కత్తి దగ్గరికి వచ్చిన ఆకులు మాత్రం పక్కకు తప్పుకుని సాగిపోయాయట.

“మీరు నమ్ముతారా?” అని అడిగాను.

“లేదు. వాళ్ళిద్దరూ ఒక కాలంవాళ్ళే కాదు. కానీ కత్తి చేసేవాళ్ళం కదా, చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి,” అంది ఆవిడ.

నాకు అంతకన్నా పట్టుకున్నది ఇంకో సంగతి. ఆయన చేసిన వాటిల్లోకెల్లా పేరుపడ్డ కత్తి, ఎన్నో తరాలు పాలకుల ఇంట్లో ఉన్నదాన్ని, రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అమెరికా సైన్యానికి అప్పగించేశారు. అక్కడినుంచి ఏమైందో ఎవరికీ తెలియదు. ఏ సైనికుడి సామానులోనో ఈ దేశానికే వచ్చి ఉంటుందని చాలామంది అనుమానం.

“ఏ ఇంటి అటక మీదో పాత దుప్పట్ల కింద ఉండి ఉంటుంది,” అంది టీచర్. “అది ఏమిటో ఆ ఇంట్లోవాళ్ళకి తెలియదు.”

ఆ మాట విన్న రోజు ఇంటికి వస్తూ దారంతా మా తాతయ్య గురించే ఆలోచించాను.

చివరికి కత్తి మొదలుపెట్టనిచ్చింది. జానెడు కన్నా కాస్త పెద్ద చాకు. కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో రుద్ది ఆకారం తెచ్చాను. ఆ తరవాతే అసలు పని. కత్తి అంచు గట్టిగా ఉండాలి, వీపు మెత్తగా ఉండాలి. అంచు మెత్తనిదైతే తెగదు, వీపు గట్టిదైతే విరుగుతుంది. అందుకని వీపు మీద మందంగా బంకమట్టి పూసి, అంచును మాత్రం వదిలేసి, ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచుతారు. మట్టి లేని అంచు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది. మట్టి కింది ఉక్కు నిదానంగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండింటికీ నడుమ సరిహద్దే నేను మ్యూజియంలో చూసిన గీత. ఉక్కును అలా ముంచి గట్టిపరచడాన్ని మనవాళ్ళు పాను పెట్టడం అంటారు. జపాన్‌వాళ్ళు ఆ గీతకు ఏదో పేరు పెట్టుకున్నారు, టీచర్ ఆ పేరుతోనే పిలుస్తుంది. నేను మాత్రం మనసులో పాను గీత అనే అనుకున్నాను.

మొదటి చాకుని నీళ్ళలో ముంచగానే టింగుమని చిన్న శబ్దం వచ్చింది. గాజు గ్లాసుకి గోరు తగిలినట్టు, అంతే. టీచర్ కళ్ళు మూసుకుంది. బయటికి తీస్తే అంచు నుంచి వీపు దాకా పగులు.

“నూనెలో ముంచితే బతుకుతుంది,” అంది. “నూనె మెత్తగా చల్లారుస్తుంది. గీత కూడా వస్తుంది. కాకపోతే మీరు చూపించిన ఫోటోలో ఉన్నట్టు ఉండదు.”

“నీళ్ళలోనే ముంచుతాను,” అన్నాను.

“చాలా పగులుతాయి.”

“పగలనివ్వండి.”

అన్నట్టుగానే పగిలాయి. ఒకటి మధ్యలో, ఒకటి మొన దగ్గర. ఒకటి నీళ్ళలో బాగానే ఉండి, ఇంటికి తెచ్చి, పెళుసుదనం తగ్గించడానికి ఓవెన్‌లో పెట్టేలోపు వంటింటి గట్టు మీద తనంతట తనే చిట్లింది. పగిలినవాటిని పారేయకుండా విరిచి, విరిగిన చోటుని భూతద్దం కింద పెట్టి చూశాను. లోపల పంచదార పలుకుల్లాగా గరుగ్గా ఉంది. ఉక్కుని మరీ ఎక్కువ కాలుస్తున్నానని అర్థమైంది. ఆత్రం నాది. ఇంకాస్త ఎర్రబడనీ అనుకుంటూ ఆగుతున్నాను. ఆ తరవాత నుంచి మంట తగ్గించి, ముంచడానికి ముందు మెల్లగా కాల్చి మెల్లగా చల్లార్చి, మళ్ళీ విరిచి చూశాను. పలుకులు సన్నబడ్డాయి. మరికొన్ని వారాలకి విరిచినచోటు బూడిదరంగు మఖమల్ గుడ్డలా కనబడింది. ఆ ముక్కని జేబులో వేసుకుని లాబ్‌కి కూడా తీసుకెళ్ళాను, ఎవరికీ చూపించకపోయినా.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో గొడవైంది.

నేను ఆప్రాన్ కట్టుకుని, మొహం నిండా మసితో, సుత్తి పట్టుకుని ఉన్న ఫోటో ఒకటి టీచర్ తన పేజీలో పెట్టింది. అది ఎలా తిరిగిందో తిరిగి మా బాతెల్ తెలుగువాళ్ళ గ్రూపులోకి వచ్చింది. ఆడవాళ్ళు చాలామంది సూపర్ అనే పెట్టారు. ఒకాయన మాత్రం, “ఏంటి మేడం, లేఆఫ్ వస్తే సేఫ్టీకి కులవృత్తా?” అని రాసి పక్కన నవ్వు బొమ్మలు పెట్టాడు. మా కులమేమిటో అతనికి తెలియదు. ఎవరికైనా సరదాగా అనే మాటే అనుకుని అన్నాడు.

సాయంత్రం నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. తన ఫోన్ నా వైపు తోశాడు.

“ఏమిటమ్మా ఇది?”

“జోక్ చేశాడు నాన్నా. అతనికి మన సంగతి తెలియదు.”

“తెలియకే ఈ మాటన్నాడు. తెలిస్తే ఏమనేవాడు?”

ఫోన్ మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

“పాటరీ నేర్చుకుంటున్నావనుకున్నాను. మీ ఆయన కూడా ఏదో క్లాసు అన్నాడు. శనివారం శనివారం ఇంత దూరం పోయి నువ్వు చేసేది ఇదా? ఆ మసి వదిలించుకోడానికి నాకు సగం జీవితం పట్టింది. నువ్వు ఫీజు కట్టి మరీ పూసుకుంటున్నావు.”

“నాన్నా, ఒక్క మాట విను. ఏడు వందల ఏళ్ళ కిందట జపాన్‌లో ఒకాయన ఉండేవాడు. ఆయన చేసిన కత్తుల్ని దేశం సొత్తని దాచుకున్నారు. మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టి, జనం వరసలో నిలబడి చూస్తున్నారు. ఆయన కూడా కమ్మరే.”

నాన్న ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజూ పెంచలేదు.

“మా నాన్న కూడా కమ్మరే. ఆయన చేసిన కొడవళ్ళతో ఊరు ఊరంతా కోతలు కోసింది. ఆయన వేసిన కర్రుతోనే దున్నింది. ఒక్కడంటే ఒక్కడు ఆయన్ని అరుగు మీదికి పిలిచి కూర్చోమన్నాడా? వీధిలో నిలబడే కూలి గింజలు కొలిపించుకున్నాడు. నువ్వు నాకు జపానాయన గురించి చెబుతున్నావు!”

ఆయనే మళ్ళీ అన్నాడు, నా వైపు చూడకుండా.

“బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను. కాయలు కాసి నల్లగా ఉండేవి. కాగితాలు ఇమ్మంటే ఎలా ఇవ్వాలా అని, అదే భయం. అడిగిన ప్రశ్నలకన్నా అదే భయం.”

“నాన్నా...”

“మానేయమ్మా.”

“మానను నాన్నా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కోపం లేదు అందులో. “నీ మీద గౌరవం లేక కాదు. కానీ మానను.”

ఆయన లేచి నిలబడ్డాడు. “మానెయ్యమనే హక్కు నాకు లేదులే. నాకు మాత్రం చూపించకు.”

అప్పటినుంచి బూట్లు గరాజ్‌లోనే విప్పి, అక్కడే సింక్‌లో మొహం, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేదాన్ని. శనివారాలు ఆయన గది తలుపు వేసుకునేవాడు. మా అమ్మాయి ఒకసారి “తాతయ్య ఎందుకు మ్యాడ్ ఉన్నాడు?” అని అడిగితే, “తాతయ్యకి కోపం కాదమ్మా, బాధ,” అని చెప్పాను. అప్పుడే తనకి మా తాతయ్య సంగతి చెప్పాను. తను కళ్ళు పెద్దవి చేసి, “మన ఫ్యామిలీలో బ్లాక్‌స్మిత్ ఉన్నాడా? దట్స్ సో కూల్! నాకు ఎందుకు ఎవరూ చెప్పలేదు?” అంది. తలుపు అవతల నాన్నకి వినబడే ఉంటుంది.

కొన్ని వారాల తరవాత ముంజేతి మీద కాలింది. పెద్దదేం కాదు గానీ బొబ్బ లేచింది. ఇంటికొచ్చి గరాజ్‌లో ఒంటిచేత్తో కట్టు కట్టుకోబోతుంటే నాన్న వచ్చాడు. నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, మందు రాసి, తానే కట్టాడు. ముడి వేసి, నా చెయ్యి వదలకుండా అడిగాడు.

“ఎందుకమ్మా ఇంత పంతం? దేనికి?”

లాబ్ గురించి, స్ఫటికాల గురించి చెప్పబోయి ఆగిపోయాను.

“తాతయ్య మొహం నాకు తెలియదు నాన్నా. ఆయన ఫోటో కూడా లేదు మనింట్లో. మొహం ఎలాగూ తెలియదు, ఆయన చేసిన పనైనా నా చేతులకి తెలియాలని ఉంది.”

ఆయన మిగిలిన గుడ్డ మడతపెట్టి నా చేతికిచ్చాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

తరవాతి శనివారం నేను కారు దగ్గరికి వచ్చేసరికి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దాని మీద స్వెటర్, పాలిష్ చేసిన బూట్లు. బ్యాంకుకి వెళ్ళినట్టే ఉన్నాడు.

“పోనీ,” అన్నాడు. “ఊరికే కూర్చుంటాను. నన్నేం అడగొద్దు.”

దారంతా వాన. కొట్టంలోకి అడుగుపెట్టగానే బొగ్గు, తుప్పు, కాలిన నూనె కలిసిన వాసన తగిలింది. నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడేమో అనుకున్నాను. గట్టిగా ఒకసారి పీల్చి లోపలికి వచ్చాడు.

టీచర్ ఆయనకి నిప్పురవ్వలు పడకుండా కళ్ళద్దాలిచ్చి, కుర్చీ వేసి, “మీ అమ్మాయి చాలా మొండిమనిషి,” అంది ఇంగ్లీషులో.

నాన్న ఇంగ్లీషు బ్యాంకు ఉత్తరాల ఇంగ్లీషు, నిదానంగా, ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు. ఇనుమును పెట్టి కొట్టే దాగలి వంకే చూస్తూ అన్నాడు.

“మై ఫాదర్ వాజ్ ఎ బ్లాక్‌స్మిత్.”

నాకు తెలిసి ఆయన ఆ వాక్యం ఏ భాషలోనూ బయటివాళ్ళ ముందు అనలేదు. చేతిలో ఉన్న చాకు జారిపోతుందేమోనని బల్ల మీద పెట్టేశాను.

టీచర్ ముందుకు వచ్చింది. చెయ్యి చాపింది. నాన్న చెయ్యి పట్టుకుని కాస్త ఎక్కువసేపే ఊపింది. “ఏం చేసేవారు?” అని అడిగింది.

“నాగళ్ళకి కర్రులు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు. బండి చక్రాలకి ఇనప పట్టాలు,” నాన్న మొదట ఆగి ఆగి చెప్పాడు. పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించాక నీళ్ళు పోస్తే ఆవిరి వీధి చివరి దాకా కమ్మేసేదని చేతులు ఊపుతూ చెప్పేసరికి ఆయన ఇంగ్లీషులోకి తెలుగు వచ్చి పడింది. నేను మధ్యలో తర్జుమా చేశాను.

“వాటి మీద తన గుర్తేమైనా వేసేవారా?” అంది టీచర్.

“గుర్తెందుకు? చుట్టుపక్కల ఊళ్ళలో చేసేది ఆయనొక్కడే,” అన్నాడు నాన్న. తరవాత, “ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఇనుము కదా, అరిగిపోతుంది,” అన్నాడు.

ఆ రోజు నా చాకుకి మట్టి పూసి సిద్ధంగా ఉంది. ఉక్కు రంగు సరిగా తెలియాలని టీచర్ తలుపులు మూసి దీపాలు ఆర్పింది. కొలిమి వెలుగొక్కటే. చాకుని లోపల మెల్లగా ముందుకీ వెనక్కీ జరిపాను. ముదురు ఎరుపు, తరవాత దానిమ్మ గింజ రంగు. ఇంకాస్త ఆగమని ఆత్రం పుడుతోంది. ఆ ఆత్రాన్ని ఎరుగుదును గనక ఈసారి దానికి లొంగలేదు. బయటికి తీసి, అంచు కిందికి పెట్టి, నీళ్ళలో ముంచాను.

బుసబుసమని నీళ్ళు మరిగాయి. చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. ముగ్గురం ఆ చిన్న శబ్దం కోసం చెవులు రిక్కించాం. నీళ్ళు మరగడం తగ్గింది. తగ్గి ఆగింది. ఇంకే శబ్దమూ రాలేదు.

“తియ్యి,” అన్నాడు నాన్న. చీకట్లో ఆయన గొంతు నా పక్కనే వినబడింది. కుర్చీలోంచి ఎప్పుడు లేచొచ్చాడో చూడలేదు.

పగల్లేదు. కొద్దిగా ఒక పక్కకి వంగింది, అంతే. టీచర్ గట్టిగా కేక వేసి నా వీపు మీద చరిచింది. నేను నవ్వుతున్నాననే అనుకున్నాను గానీ కళ్ళద్దాలు తీస్తే మొహం తడిగా ఉంది.

తరవాతి పని గరాజ్‌లో. నీళ్ళు చల్లుకుంటూ, ముతక సానరాయి నుంచి సన్న సానరాయి దాకా మారుస్తూ రోజూ ఆఫీసు నుంచి వచ్చాక రుద్దాను. మొన దగ్గర వెంట్రుకవాసి చీలిక ఒకటి బయటపడింది. ఒక పూటంతా దిగులుపడి, మర్నాడు మొన అంత మేరా కోసేసి మళ్ళీ ఆకారం దిద్దుకున్నాను. చాకు పొట్టిదైంది. పొట్టిదైతే పొట్టిది. రుద్దుతూనే ఉన్నాను. సన్న రాయి మీద ఒక సాయంత్రం గీత పైకి తేలింది. మంచులా ఏం లేదు. చిన్నపిల్లలు గీసే అలల్లా ఎగుడుదిగుడుగా ఉంది. మధ్యలో కొంతమేర అసలు కనబడనే లేదు. కానీ పిడి దగ్గర, దీపానికి ఏటవాలుగా పట్టి చూస్తే, నాలుగైదు సన్నటి మెరుపులు. అవి నా చేతిలో పుట్టినవి. ఆ జపానాయన పనికీ దీనికీ పోలికే లేదు, పోల్చాలని కూడా అనిపించలేదు. ఆయన రోజూ ఎంత ఓపిక పట్టి ఉంటాడో మాత్రం తెలిసింది.

లోపలికి తీసుకెళ్ళి నాన్నకిచ్చాను. బొటనవేలితో అంచుని అడ్డంగా తడిమి చూశాడు. మా అమ్మాయి తన ఫోన్‌లో లైటు వేసి పట్టుకుంది.

“ఈ కత్తితో ఏం చేద్దామని?” అన్నాడు.

“వంటింట్లో పెడదాం. కూరలు తరుగుదాం.”

“మంచిది. పెట్టెలో దాచొద్దు,” అన్నాడు.

ఇప్పుడు శనివారాలు ఇద్దరం వెళ్తున్నాం. నేను పొడవు కత్తి మొదలుపెట్టాను, దాని పని ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. నాన్నకి కత్తుల గొడవ అక్కర్లేదు. ఒకరోజు టీచర్‌ని తనే అడిగాడు, “నేను ఒక కొడవలి చేసుకోవచ్చా?” అని. ఆ వయసులో సమ్మెట ఎత్తలేడు. అందుకని సమ్మెట నాది. ఎక్కడ పడాలో చిన్న సుత్తితో తట్టి చూపించడం ఆయనది.

“నేనెప్పుడూ సమ్మెట వైపే నిలబడ్డాను,” అన్నాడు మొదటిసారి ఆ చిన్న సుత్తి అందుకుంటూ. “ఈ సుత్తి మా నాన్న నాకు ఇవ్వలేదు. నీకు చదువు రావాలిగానీ ఇదెందుకురా అనేవాడు.”

పోయిన నెల ఒకరింట్లో పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళాం. గ్రూపులో జోక్ వేసినాయన ప్లేటు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. “అంకుల్, మీరు కూడా వెళ్తున్నారంటగా మేడంతో? ఈ వయసులో ఏంటండీ ఈ హాబీ!”

“హాబీ కాదు బాబూ,” అన్నాడు నాన్న. “మా నాన్న కమ్మరి. నాకప్పుడు నేర్చుకోవడం కుదరలేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నాను.”

అతను మొహమాటంగా నవ్వి, “అయ్యో, నాకు తెలీదంకుల్, సారీ,” అన్నాడు.

“సారీ దేనికి? నీకు తోటపనికి పార ఏదైనా కావాలంటే చెప్పు,” అన్నాడు నాన్న. అని పెరుగు వడ్డించుకోడానికి వెళ్ళిపోయాడు.

కొడవలి ఇంకా కాలేదు. వంపు ఒకచోట ఎక్కువైంది, ఇంకోచోట చాలలేదు. పోయిన శనివారం దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి మేమిద్దరం పగలబడి నవ్వాం. కొడవలిలా లేదు, ప్రశ్నార్థకంలా ఉంది. పాడైపోయిందేమో, కొత్త ఉక్కు తీసుకుందామా అని అడిగాను.

“పాడవడమేమిటి? ఇంకా కాలేదంతే,” అన్నాడు నాన్న. పటకారుతో దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. “సమ్మెట తియ్యి.”

తీశాను.